మూడో పేజీలో మావాడు

నా కొడుకు పేరు చదువుకోవడానికే నేను అక్షరాలు దిద్దాను. అప్పటికి మా ఆయన పోయి చాలా ఏళ్లయింది. మావాడు పోయి ఏడాది. నేను పలక ముందేసుకుని కూర్చుంటే కూతురు, "బడికి టైమవుతోంది, జడేసుకున్నావా?" అని ఏడిపించేది.

అన్నాచెల్లెళ్లిద్దరిదీ ఒకటే ఆఫీసు. వాళ్లు చేసే సాఫ్ట్‌వేర్ దుకాణాల్లో, ఆసుపత్రుల్లో వాడతారు. అందులో దొంగలు దూరే కన్నం ఏదైనా బయటపడితే, ఫలానా చోట కన్నముంది, ఇలా పూడ్చుకోండి అని హెచ్చరిక రాసి పెడతారు. ఆ హెచ్చరికలన్నీ కనపడే పేజీ ఒకటుంది. ఒక్కోదానికి ఒక్కో వరస, వరస చివర కనిపెట్టినవాళ్ల పేరు. మావాడు జబ్బుపడక ముందు పెద్ద కన్నమే కనిపెట్టాడు. వాడు పోయాక ఆ పేజీ చూసుకునే పని చెల్లెలి మీద పడింది.

పొద్దున్నే టీ తాగుతూ ఆ పేజీ తెరిపించుకునేదాన్ని. ఒక్కోసారి వాడి పేరు ఎంత వెతికినా దొరికేది కాదు. "ఏమే, అన్నయ్య ఇవాళ కనపడలేదు" అనేదాన్ని. మర్నాటికి అందరికంటే పైన ఉండేవాడు. ఎవరో వాడిని ఇంకా తలుచుకుంటున్నారు, అందుకే పైకొస్తున్నాడు అనుకున్నాను. అంతేనా అని అడిగితే కూతురు అవుననేది కాదు, కాదనేది కాదు. ఖాళీ కప్పులు తీసుకుని లేచిపోయేది.

ఒకరోజు అది మధ్యాహ్నానికే ఇంటికొచ్చేసింది. చెప్పులైనా విప్పకుండా మంచం మీద కూలబడింది. అడగ్గా అడగ్గా చెప్పింది. ఎక్కడో ఒక పళ్ల డాక్టరు దగ్గర కంప్యూటర్లు చూసుకునే అతను ఆఫీసుకు రాశాడట. అతను ముందురోజు పొద్దున ఆ పేజీ తెరిచాడు. పైన ఉన్నది తను ఎప్పుడో పూడ్చుకున్న పాత కన్నమే. కొత్తవేం లేవులే అని మూసేశాడు. అసలు భయపడాల్సింది దాని కిందే ఉంది. సాయంత్రానికల్లా దొంగలు దూరి రోగుల వివరాలన్నిటికీ తాళం వేసేశారు. ఏళ్ల తరబడి తీసిన ఎక్స్‌రేలు ఒక్కటీ మిగల్లేదు.

"ఆ పైనున్నది అన్నయ్యదమ్మా," అంది. "నేనే పైకి తెచ్చాను. దేన్ని ముట్టుకుంటే అది పైకెక్కుతుంది, ఆ పేజీ తీరే అంత. నువ్వడిగినప్పుడల్లా అన్నయ్య వరసలో ఒక చుక్క పెట్టి తీసేసేదాన్ని."

వాడిని తలుచుకునేవాళ్లు బయట ఎవరూ లేరన్నమాట. ఉన్నది మేమిద్దరమే.

ఇది దాని పని అని ఆఫీసులో ఎవరికీ తెలీదు. పేజీ తీరు మార్చమని మాత్రం పైఅధికారి చెప్పాడట. నువ్వు చేసింది కూడా ఆయనకు చెప్పెయ్యి అన్నాను. చెప్పింది. ముందు పేజీ సంగతి చూడు, తర్వాత మాట్లాడదాం అన్నాడట.

ఇంట్లోనే కూర్చుని మార్చింది. ఇప్పుడు ఏ హెచ్చరికైనా అది వచ్చిన తేదీని బట్టే ఉంటుంది, ఎవరు ముట్టుకున్నా కదలదు. బాగా ప్రమాదమైనవాటికి ఎర్రగుర్తు. పేర్లుండే జాగాలో, కన్నం పూడ్చే దారి ఉందా లేదా అని రాసింది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ముందు దేని సంగతి చూడాలో చెప్పమంది. ఎర్రదాని మీద వేలు పెట్టాను. దాని మొహం కాస్త తేటపడింది.

"మరి అన్నయ్యేడీ?" అన్నాను.

పాతవి వెనక పేజీల్లోకి వెళ్తాయట, కింద నొక్కింది. మళ్లీ నొక్కింది. మూడో పేజీలో, మధ్యలో ఎక్కడో ఉంది ఆ వరస. పక్కన 'సరిచేశారు' అని బూడిదరంగు అక్షరాలు. పేరు లేదు. వరస మీద నొక్కితే లోపల ఉంటుందని చూపించింది.

తర్వాత చిన్నగా అడిగింది, "అన్నయ్య ఒక్కడి పేరూ పైనే ఉంచెయ్యనా అమ్మా?"

ఉంచమనాలని ఉంది. నాలుక చివరిదాకా వచ్చింది.

"ఎవరో పొద్దున్నే టీ తాగుతూ తెరుస్తారు," అన్నాను. "వాళ్లకు మీ అన్నయ్య పేరుతో ఏం పని."

అది నా చెయ్యి పట్టుకుని, ఎక్కడ నొక్కాలో రెండుసార్లు నేర్పింది.

ఇప్పుడు నేనే తెరుచుకుంటున్నాను. ఒకటి, రెండు, మూడు. వరస మీద నొక్కి, పేరు కూడబలుక్కుని చదివి మూసేస్తాను. ఈమధ్య కొత్తవి ఎక్కువగా వస్తున్నాయి. త్వరలో వాడు నాలుగో పేజీకి వెళ్తాడని, వెతుక్కుని కంగారుపడొద్దని, కూతురు ముందే చెప్పి ఉంచింది.