వేర్‌బ్రూక్ మంచు కర్ర

శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు లోపు ఆర్డెల్ విగ్గిన్ చేయాల్సిన పనులు చాలానే ఉన్నాయి. ప్లాట్‌ఫారం మీద గడ్డకట్టిన మంచు పగలగొట్టి బూడిద చల్లాలి. పాల క్యాన్లు ఉదయపు బండి ఎక్కించాలి. బోస్టన్ నుంచి వచ్చిన కొత్త పోస్టరు వెయిటింగ్ రూములో అంటించాలి. ఆదివారం వచ్చేవాళ్ళు మంచు మీద జారే స్కీలు ఆనించుకోవడానికి గోడ పొడుగునా కొయ్య పట్టీ కొట్టించాలి. చర్చి ఆడవాళ్ళు వాళ్ళకి వండి అమ్మే చిక్కుడుగింజల కుండలు పెట్టుకోవడానికి సరుకుల షెడ్డు ఖాళీ చేయించాలి. అన్నిటికంటే ముఖ్యంగా, షెడ్డు వెనక పచ్చిక బయలులో పాతిన కొలత కర్ర దగ్గరికి వెళ్ళి, మంచు ఎన్ని అంగుళాలు ఉందో చూసి బోస్టన్‌కి తంతి కొట్టాలి.

కర్ర చూడటం నిమిషం పని. కానీ వేర్‌బ్రూక్ ఊరంతా వారం రోజులుగా ఆ నిమిషం కోసమే ఎదురుచూస్తోంది.

ఇంటింటికీ కారు వచ్చాక, న్యూ హాంప్‌షైర్ కొండల్లోకి వచ్చే ఆ చిన్న లైను మీద రైలెక్కేవాళ్ళు కరువయ్యారు. పాలూ, కలపా, పోస్టు సంచులూ తప్ప బండిలో మనిషి కనిపించడం లేదు. మే నెలలో రాష్ట్రం కమిషను ముందు విచారణ ఉంది. ప్రయాణికులు లేరని తేలితే బండి ఆగిపోతుంది, స్టేషను మూతపడుతుంది. భర్త విల్లార్డ్ పోయాక ఆయన ఉద్యోగం ఆర్డెల్‌కే వచ్చింది. ఆమె కాపురం స్టేషను మేడ మీది రెండు గదుల్లో. స్టేషను మూతపడితే జీతమూ పోతుంది, ఇల్లూ పోతుంది.

ఈలోగా బోస్టన్ ఆఫీసులో ప్రకటనలు రాసే ట్రాస్క్ అనే కుర్రాయనకి ఒక ఆలోచన వచ్చింది. చలికాలంలో కారు మొరాయిస్తుంది. రేడియేటరు పగులుతుంది, చక్రాలకి గొలుసులు కట్టాలి, కొండ ఎక్కేసరికి చేతులు కొంకర్లు పోతాయి. కాబట్టి ఆదివారం ఆదివారం ఒక మంచు రైలు నడుపుదాం, ఏ ఊళ్ళో మంచు బాగుంటే ఆ ఊరికే పోనిద్దాం అన్నాడు. 'కారుని షెడ్డులో పడుకోనివ్వండి. మంచు ఎక్కడుందో మేం కనుక్కుంటాం' అని పత్రికల్లో వేయించాడు. జనం ఎగబడ్డారు. మూడు వందల మంది స్కీలు భుజాన వేసుకుని, ఏ ఊరు వెళుతున్నారో శుక్రవారం సాయంత్రం దాకా తెలియకుండానే టిక్కెట్లు కొనడం మొదలుపెట్టారు.

అంతా బాగుందనుకుంటున్న సమయంలో ఇంకో ఊరి స్టేషను నుంచి మంచు ఉన్నదానికి రెట్టింపు చెప్పారు. టైపు చేసుకుని బతికే ఒక అమ్మాయి పల్చటి మంచు కింద రాయి తగిలి తుంటి విరగ్గొట్టుకుంది. ఇంకా ఆస్పత్రిలోనే ఉంది. ఆ తరవాత ట్రాస్క్ స్వయంగా వేర్‌బ్రూక్ వచ్చి, ఆర్డెల్‌ని కర్ర పక్కన నిలబెట్టి ఫోటో తీశాడు.

"కార్లమ్మేవాళ్ళు వేగం అమ్ముతారు, మిసెస్ విగ్గిన్. మేం మీ మాట అమ్ముతాం" అన్నాడు.

ఆ ఉదయం ఆమె గోడకి అంటించిన పోస్టరు అదే. ఎర్ర టోపీ, చేతిలో కొలబద్ద, కింద పెద్ద అక్షరాలు: 'వేర్‌బ్రూక్‌లో మిసెస్ ఆర్డెల్ విగ్గిన్ స్వయంగా కొలిచి చెప్పారు.' అంకె పడాల్సిన చోటు ఖాళీగా ఉంది. ఎనిమిది అంగుళాలకి తక్కువైతే బండి రాదు.

గురువారం సాయంత్రం కర్ర దగ్గర ఐదు ఉంది. బుధవారం పడిన వాన తినేసింది. తెల్లారాక వెళ్ళి చూస్తే పదకొండు.

బండి వచ్చినట్టే అనుకుంది. మరుక్షణమే అనుమానం పట్టుకుంది. రాత్రి మంచు పడలేదు. ప్లాట్‌ఫారం మీద కొత్త మంచు లేదు, కంచె గుంజల నెత్తిన లేదు. కర్ర చుట్టూ పెద్ద పళ్ళెమంత మేర మాత్రం మంచు ఎత్తుగా, చదునుగా, పరుపు పరిచినట్టు ఉంది. మోకాళ్ళ మీద కూర్చుని చేతితో తవ్వింది. లోపల సన్నటి దేవదారు ఆకు సూదులు. ఆ బయలులో చెట్టన్నది లేదు, దేవదార్లు వాగు అవతల ఉన్నాయి. సూదుల మధ్య నల్లటి నలకలు. వేళ్ళతో నలిపి చూసింది. బొగ్గు. ఊళ్ళో బొగ్గు పార ఉన్నది స్టేషనులోనే. మిగతా అందరివీ కట్టెల పొయ్యిలు.

స్కీలు వేసేది ఆ పక్క వాలు మీద. అక్కడ అడుగడుగునా కొలిచింది. ఐదు. కొన్నిచోట్ల ఐదూ లేదు, గడ్డి మొనలు బయటికి పొడుచుకొస్తున్నాయి. దిగువన రాళ్ళ వరస పల్చగా మూసుకుని ఉంది.

ఆమె తిరిగి వచ్చేసరికి ఎనాక్ హాయ్ట్ పొయ్యి దగ్గర కూర్చుని ఉన్నాడు. ఊరందరికీ అంకుల్ ఎనాక్. ముప్పై ఏళ్ళు ఆ స్టేషనులో తంతి కొట్టాడు. కొట్టీ కొట్టీ వేళ్ళు వంకర్లు పోయాక కంపెనీ ఇంటికి పంపింది. ఆయన మాత్రం ఇంటికి పోలేదు, పొద్దున్నే వచ్చి పొయ్యి రాజేసి సాయంత్రం దాకా అక్కడే ఉంటాడు. విల్లార్డ్‌కీ ఆర్డెల్‌కీ తంతి భాష నేర్పింది ఆయనే. ఆ రోజు రెండు చేతులూ కోటు లోపల దాచుకుని ఉన్నాడు.

"కర్ర దగ్గరికి దేవదారు సూదులు ఎలా వచ్చాయి, అంకుల్?"

"గాలి."

"బొగ్గు నలకలు?"

"అదీ గాలే. బండి పొగ."

"రాత్రి ఆకు కదల్లేదు."

"నువ్వు పడుకున్నాక వీచిందిలే. ముసలివాళ్ళకి నిద్ర పట్టదు, మాకు తెలుస్తుంది."

"చేతులు చూపించు."

ఆయన చూపించలేదు. పొయ్యి వైపు తిరిగి మెల్లగా అన్నాడు. "కంపెనీ నీకేం చెప్పింది? కర్ర చూడమంది. నువ్వు కర్ర చూడు. చుట్టుపక్కల ఏముందో చూడమన్లేదు కదా. రేపెప్పుడైనా ఎవరైనా అడిగితే కర్ర చూశానంటావు. అందులో అబద్ధమేముంది?"

ఆమెకి కోపం రావాలి, రాలేదు. ఆ చేతులతో వాగు దాటి ఎన్నిసార్లు మోసుకొచ్చాడో అనిపించింది. అడగలేదు.

పదకొండున్నరకల్లా జనం చేరారు. ముందు హోటలు యజమాని లూథర్ గోవ్ వచ్చాడు. లావుపాటి మనిషి, బొచ్చు కోటు. ఆర్డెల్‌ని చిన్నప్పటి నుంచీ ఎరుగును. వెనకే చర్చి విందు చూసుకునే మైరా చేజ్.

"ఏమ్మాయ్, పదకొండుందిగా!" అన్నాడు లూథర్. "వస్తూ కంచె మీంచి చూశాను. దేవుడు మన పక్షానే ఉన్నాడు."

"దేవుడి చేతికి బొగ్గు పార ఎవరిచ్చారో అడగండి."

లూథర్ నవ్వు సగంలో ఆగిపోయింది. ఎనాక్ వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. చప్పున అర్థమైంది. తలుపు దగ్గరగా వేసి గొంతు తగ్గించాడు.

"సరే. ఎవరో మంచి చేశారు. మన ఊళ్ళో మనం ఒకరికొకరం చేసుకోమా? పద్దెనిమిది గదులు కడిగించాను. మే నెలలో ఆ కమిషను వాళ్ళ ముందు నేనేం చూపించాలి, నా మొహమా? మూడు వందల టిక్కెట్లు చూపిస్తే లైను నిలబడుతుంది."

"మీ బ్యూక్ కారు మంచులో కూరుకుపోయినప్పుడు తప్ప మీరు రైలెక్కింది ఎప్పుడు, మిస్టర్ గోవ్? మీరంతా ఎక్కి ఉంటే ఈ కర్రతో పనే ఉండేది కాదు."

మైరా ఫక్కున నవ్వి నోరు మూసుకుంది. వెంటనే ఆమే దిగాలుగా అంది. "గింజలు నానేశాను ఆర్డెల్. నాలుగు కుండలు. పంది మాంసం కూడా కోయించాం. నాకు రైలూ వద్దు, రాష్ట్రమూ వద్దు గానీ, ఈ విందు డబ్బుతో చర్చిలో నలుగురు బీద పిల్లలకి బూట్లు కొంటానని మాటిచ్చాను."

"వాలు మీద రాళ్ళున్నాయి, మైరా."

"రేపు మంచు పడొచ్చు కదా."

"పడొచ్చు. పడకపోవచ్చు."

"ఆ పట్నంవాళ్ళకి పడిపోవడమంటే సరదా, అందుకే వస్తారు" అన్నాడు లూథర్. "ఒకరికి కాలు బెణికితే నేనే నా కారులో డాక్టరు దగ్గరికి దింపుతా. నువ్వు మాత్రం ఈ గోడల మధ్య ఉంటావు. లేదంటే జూన్‌లో ఎక్కడుంటావో ఆలోచించుకో. నీ మంచికే చెబుతున్నా."

ఆర్డెల్ కుర్చీ లాక్కుంది. గడియారం కింద బల్ల దగ్గర కూర్చుంది. తంతి చప్పుడు గదంతా వినపడటానికి విల్లార్డ్ పెట్టిన పొగాకు డబ్బా ఇంకా అక్కడే ఉంది. మీట మీద వేలు పెట్టింది. ఎదురుగా గోడ మీద ఎర్ర టోపీలో తనే నవ్వుతోంది.

గదిలో తంతి భాష తెలిసినవాళ్ళు ఇద్దరే. ఆమె, ఎనాక్. లూథర్‌కీ మైరాకీ అది వడ్రంగిపిట్ట చెట్టు పొడిచినట్టే.

ఆమె కొట్టింది. చిన్న మాట, త్వరగా అయిపోయింది. ఎనాక్ కళ్ళు మూసుకున్నాడు.

అటునుంచి జవాబు రావడానికి ఎక్కువసేపు పట్టలేదు. డబ్బా గలగలలాడింది. ట్రాస్క్ అడుగుతున్నాడు. మీ ఫోటోతో పత్రిక అచ్చు సిద్ధంగా ఉంది, మీ ఊళ్ళో హోటలు కూడా ఉంది, కంపెనీ పెద్దాయనకి వేర్‌బ్రూకే కావాలి. ఎనిమిది అనగలరా? ఎనిమిది చాలు. మళ్ళీ చూసి చెప్పండి.

"ఏమంటున్నారు?" అన్నాడు లూథర్.

ఆమె వేలు మీట మీద ఉంది, కదలడం లేదు. ఎనిమిది. ఐదుకీ పదకొండుకీ మధ్య, ఎవరికీ పెద్దగా నొప్పి కలిగించని అంకె. బోస్టన్‌లో చదువుకున్నాయనే అడుగుతున్నాడు. అడిగినవాడే ఒప్పుకున్నట్టు కదా. ఆస్పత్రిలో ఉన్న పిల్లని ఆమె ఎన్నడూ చూడలేదు. ఆ పిల్ల కూడా ఏ స్టేషను గోడ మీదో ఇలాంటి పోస్టరు చూసే టిక్కెట్టు కొని ఉంటుంది. ఎవరో కొలిచి చెప్పారనే కొని ఉంటుంది.

పొయ్యిలో బొగ్గు చిటపటలాడింది. మైరా చేతిసంచి పట్టీని మెలి పెడుతోంది.

ఆర్డెల్ మళ్ళీ కొట్టింది. మొదటిసారి కొట్టిందే కొట్టింది. అటునుంచి ఒక్క మాట వచ్చింది, అందింది అని. తరవాత డబ్బా మూగబోయింది.

లూథర్ ఇక ఆగలేకపోయాడు. "అంకుల్ ఎనాక్, నీకు తెలుసుగా ఆ టకటకలు. ఏం పంపింది?"

ఎనాక్ కళ్ళు తెరిచాడు. ఆర్డెల్ వైపు చూడకుండానే, "పదకొండు" అన్నాడు. "పదకొండనే కొట్టింది, రెండుసార్లు. ఇక బోస్టన్ దొరల ఇష్టం. బండి పంపకపోతే వాళ్ళదే పాపం."

లూథర్ ఊపిరి వదిలి నవ్వబోయాడు. మైరా "ప్రభువా" అంది. బండి రాకపోతే ఊరు బోస్టన్‌ని తిడుతుంది, ఆర్డెల్‌ని ఎవరూ ఏమీ అనరు. ఆమె చేయాల్సిందల్లా నోరు మూసుకుని కూర్చోవడమే.

ఆమె కుర్చీ వెనక్కి నెట్టి లేచింది.

"ఐదు" అంది. "నేను పంపింది ఐదు. ఆయన నా కోసం అలా అంటున్నాడు."

లూథర్ మొహం ఎర్రబడింది. చేతి తొడుగులు ఒక్కొక్క వేలే తొడుక్కున్నాడు. "జూన్‌లో పెట్టెలు మోయడానికి నా కారు అడక్కు" అని వెళ్ళిపోయాడు. తలుపు వేయలేదు. మైరానే వేసింది, కానీ బయట నుంచి.

ఆదివారం మంచు రైలు వేరే ఊరికి వెళ్ళింది. వేర్‌బ్రూక్‌లో మళ్ళీ వాన పడింది. నాలుగు కుండల చిక్కుడుగింజలు ఊరివాళ్ళే వారమంతా తిన్నారు. ఆర్డెల్ కోసం ఎవరూ గిన్నె పంపలేదు. ఆ చలికాలంలో ఇంకో బండి రాలేదు. మే విచారణలో కమిషను వాళ్ళు వేసవి చివరి దాకా గడువిచ్చి, ఆ తరవాత బండి ఆపేశారు. ఆర్డెల్ కాంకర్డ్ పట్నంలో గుండీలమ్మే దుకాణంలో చేరింది.

వెళ్ళేముందు ఆమె ఒక్కటే అడిగింది ఎనాక్‌ని. అప్పటికి ఆయన చేతులు కప్పు కూడా పట్టుకోలేకపోతున్నాయి. ఆ రాత్రి వాగు దాటినప్పుడు తడిసి, మళ్ళీ మామూలు కాలేదు. టీ ఆమే తాగిస్తోంది.

"ఎందుకలా అన్నావు, అంకుల్? నేను పంపింది నువ్వు విన్నావు కదా."

"విన్నాను. బాగా కొట్టావు, చేయి వణకలేదు. నేను నేర్పినట్టే ఉంది." ఒక గుక్క మింగాడు. "నీ పేరు పోస్టరు మీద ఉందమ్మాయ్. నువ్వు అబద్ధం ఆడకూడదు. నా పేరు ఎక్కడా లేదు. నేనాడితే ఎవరికేం నష్టం?"

మరుసటి చలికాలం ఆయన కన్నుమూశాడు.

ఆ పోస్టరు ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తుంది. పాత బొమ్మలు పోగుచేసేవాళ్ళు అద్దం బిగించి గోడలకి తగిలించుకుంటారు. ఎర్ర టోపీ, కొలబద్ద, ఆర్డెల్ విగ్గిన్ పేరు, అంకె పడని ఖాళీ చోటు. ఎక్కడైనా మీ కంట పడితే ఆమెని చూడండి, చూడదగ్గ మనిషే. చూశాక, ఆ బొమ్మలో లేనివాణ్ణి, ఆ వంకర వేళ్ళతో వాగు అవతల నుంచి మంచు మోసుకొచ్చినవాణ్ణి కూడా ఒక్క క్షణం తలచుకోండి. ఆయన పేరు ఎనాక్ హాయ్ట్.