నీళ్లు పట్టే వేళ

"వచ్చే నెల నుంచి నువ్వు పైపు పట్టుకుని నిలబడక్కర్లేదు," అన్నాడు భర్త, ఖాళీ అయిన టీ కప్పు బల్ల మీద పెడుతూ. "లాన్‌లో స్ప్రింక్లర్లు వేయిస్తున్నాను. టైమర్ పెడితే తెల్లారేసరికి వాటంతటవే తడిపేస్తాయి."

వరమిచ్చిన దేవుడిలా ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె "మంచిదే" అని కప్పు తీసుకుని వంటింట్లోకి వెళ్లింది. కడిగిన కప్పునే మరోసారి కడిగింది. ఎందుకో వెంటనే తెలియలేదు.

పదకొండేళ్లుగా ఇంటి వెనక లాన్‌కి నీళ్లు పట్టేది ఆమే. ఆసుపత్రిలో రికార్డుల గదిలో ఉద్యోగం. ఫైళ్లు వెతికేదీ ఆమే, దొరక్కపోతే మాటలు పడేదీ ఆమే, పెద్ద డాక్టరుగారి గదిలోకి కుర్చీలు చాలకపోతే మోసుకురమ్మని పిలుపు వచ్చేదీ ఆమెకే. అక్కడి నుంచి ఇంటికొచ్చి, అందరికీ టీలు ఇచ్చి, చెప్పులు విడిచి గడ్డిలోకి దిగేది. ఈ చివర నుంచి ఆ చివరికి సరిగ్గా నలభై నిమిషాలు. చేతిలో పైపు ఉంటే ఇంట్లోంచి ఎవరూ పిలిచేవారు కారు. పిలిచినా "నీళ్లు పడుతున్నాను" అంటే చాలు, నీళ్లు వృథా అవుతాయని ఊరుకునేవారు. ఆ నలభై నిమిషాల్లో ఆమె గొప్పగా ఏమీ ఆలోచించేది కాదు. కాలివేళ్ల మధ్య తడి గడ్డి, నీటి చప్పుడు, అంతే. రోజు మొత్తంలో తనకంటూ మిగిలింది ఆ కాస్తే. దాన్నే ఆయన ఎంతో ప్రేమగా తీసేయబోతున్నాడు.

ప్లాను భర్తే గీశాడు. స్కేలూ కంపాసూ పెట్టి, ఒక్కో స్ప్రింక్లర్ నీళ్లు పడే మేరకు ఒక్కోటి చొప్పున ఆరు వలయాలు, మూడేసి చొప్పున రెండు వరసల్లో, ఒకదాన్ని ఒకటి ముట్టుకుంటూ. పైపులు వేయడానికి వచ్చిన ప్లంబరు, జుట్టు నెరిసిన పెద్దాయన, కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"వలయాలు ముట్టుకుంటే చాలదు సార్. ఒకదాని నీళ్లు పక్కదాని కాళ్ల దాకా వెళ్లాలి. ఒకదాని మీద ఒకటి పడాలి."

"అంటే ఒకేచోట రెండుసార్లు తడపడమా? దండగ కదా. లెక్క ప్రకారం వేయండి," అన్నాడు భర్త. ప్లంబరు ఆమె వైపు చూసి చిన్నగా నవ్వి, పార అందుకున్నాడు.

రెండు ఆదివారాలు పని సాగింది. కొలత టేపు రెండో చివర పట్టుకున్నది ఆమె, టీలు అందించింది ఆమె, మట్టి కాళ్లతో అందరూ తిరిగిన వరండా కడిగింది ఆమె. చూడటానికి తోడికోడలు వస్తే భర్త "నేనే వేశాను" అని చూపించాడు. అబద్ధమేమీ కాదు, కాగితం మీద వేసింది ఆయనే.

ఇక ఆ నలభై నిమిషాల సంగతి. పెళ్లింట్లో మిగిలిన మిఠాయిని పంచుకున్నట్టు ఇంట్లోవాళ్లు పంచేసుకున్నారు. మొదటి సాయంత్రం అత్తగారు, "ఇప్పుడు నీకు ఖాళీయే కదమ్మాయ్, నా మోకాళ్లకి కాస్త నూనె రాయకూడదూ" అంది. రెండో రోజు భర్త నాలుగు చొక్కాలు తెచ్చి మంచం మీద పడేశాడు. "ఖాళీగానే ఉన్నావుగా, ఇస్త్రీ చేసెయ్." మూడో రోజు మళ్లీ మోకాళ్లు. ఆమెకు ఖాళీ అన్న మాట వింటేనే ఒళ్లు మండసాగింది.

మూడు వారాలు తిరిగేసరికి లాన్ మధ్యలో రెండు పచ్చటి మచ్చలు, పచ్చటివంటే పసుపు పచ్చవి, నాలుగు కోణాల నక్షత్రాల్లా తేలాయి. భర్త ముందు గడ్డిని తిట్టాడు. తర్వాత మట్టిని తిట్టాడు. ఆ తర్వాత నాలుగు గుప్పిళ్ల ఎరువు చల్లి చేతులు దులుపుకున్నాడు.

ఆమె తాను సెలవు పెట్టిన ఒక రోజున, భర్త ఆఫీసుకి వెళ్లాక, ప్లంబరుకి ఫోన్ చేసింది. "ఒకే సైజు గిన్నెలు ఉన్నాయా అమ్మా? లాన్ అంతా పరిచి పావుగంట నీళ్లు వదలండి. ఎక్కడ ఎంత పడుతోందో గిన్నెలే చెబుతాయి. నేను వస్తున్నాను," అన్నాడు.

ఆమె వంటింటి అల్మరా ఖాళీ చేసింది. ఇరవై నాలుగు స్టీలు గిన్నెలు గడ్డిలో వరసగా కూర్చున్నాయి. అత్తగారు కిటికీలోంచి చూసి బుగ్గలు నొక్కుకుంది.

"గిన్నెలన్నీ గడ్డిలో పెట్టావేమిటే? వడ్డన ఎవరికి?"

"నీళ్లకే అత్తయ్యా."

"బాగుంది. నాకు ఇన్నేళ్లొచ్చినా గిన్నెలతో ఆడుకోవడం తెలీదు, తోముకోవడమే," అంది అత్తగారు. కిటికీ దగ్గర నుంచి మాత్రం కదల్లేదు.

స్ప్రింక్లర్లు ఆపి చూస్తే కొన్ని గిన్నెల్లో అరంగుళం నీళ్లు, నక్షత్రాల దగ్గరి గిన్నెల్లో అడుగు కూడా తడవలేదు. వలయాలు ముట్టుకున్నచోట మధ్యలో మిగిలిపోయిన జాగా అది. ప్లంబరు "నేను చెప్పానుగా" అనలేదు. ఆ ఒక్క మర్యాదకే ఆమెకు ఆయన మీద గౌరవం కలిగింది. ఆ రెండు ఖాళీల్లో మరో రెండు స్ప్రింక్లర్లు పెట్టాలన్నాడు. "నాకు నేర్పండి," అంది ఆమె. పైపు కోయడం, అంచు గీకడం, జిగురు రాసి అంటుకునేదాకా అంకెలు లెక్కపెడుతూ పట్టుకోవడం, నీళ్లు చిమ్మే నాజిల్ బిగించే ముందు నీళ్లు ధారగా వదిలి లోపలి మట్టి కడిగేయడం, అన్నీ తన చేత్తోనే చేసింది. సాయంత్రానికి గోళ్ల నిండా మట్టి. ఎంత సంతోషంగా ఉందో చెప్పలేం.

"వారానికోసారి అన్నీ చూసుకోండమ్మా. లోపల చిన్న జల్లెడ ఉంటుంది, పాత బ్రష్షుతో కడగండి. చుట్టూ గడ్డి పెరిగితే కత్తిరించండి," అని చెప్పి వెళ్లాడు ప్లంబరు.

పదిహేను రోజుల్లో నక్షత్రాలు మాయమయ్యాయి. "చూశావా, ఎరువు ఎలా పనిచేసిందో!" అన్నాడు భర్త. "ఎరువు కాదు, రెండు కొత్త స్ప్రింక్లర్లు. నేనే బిగించాను," అంది ఆమె. ఆయన వెళ్లి లెక్కపెట్టి వచ్చాడు. ఎనిమిది ఉన్నాయి. మిగిలిన ఎరువు సంచి తీసి మూల పెట్టాడు.

ఆ ఆదివారం సాయంత్రం ఆమె స్క్రూడ్రైవరూ పాత బ్రష్షూ పట్టుకుని గడ్డిలో కూర్చుంది. లోపలి నుంచి అత్తగారు "అమ్మాయ్!" అని పిలిచింది. ఆ వెంటనే భర్త గొంతు వినిపించింది. "ఉండమ్మా, మిషన్ రిపేరు చేస్తోంది. పిలవకు."

ఆమె చేతిలో బ్రష్షు ఆగిపోయింది. పదకొండేళ్లలో ఆ ఇంట్లో ఆమెను పిలవొద్దని ఎవరైనా అనడం అదే మొదలు.

ఇంకేముంది, మర్నాటి నుంచి రోజూ సాయంత్రం రిపేరే. ఎనిమిది స్ప్రింక్లర్లకి ఎనిమిది రోజులు గడిచాయి. తొమ్మిదో రోజు బాగున్నదాన్నే విప్పి, చూసి, మళ్లీ బిగించింది. నవ్వొచ్చింది. నవ్వు వెనకే సిగ్గేసింది. సొంత ఇంట్లో సొంత నలభై నిమిషాలని దొంగతనంగా తెచ్చుకుంటోంది.

అది ఎన్నాళ్లో సాగలేదు. ఒక రోజు టీ తాగుతూ భర్త అన్నాడు, "రోజూ దాంతో కుస్తీ పడుతున్నావు, చూడలేకపోతున్నాను. ప్లంబర్ని వారం వారం రమ్మన్నాను. ఇక నువ్వు స్క్రూడ్రైవర్ ముట్టుకోనక్కర్లేదు."

మళ్లీ అదే ముఖం, వరమిచ్చే దేవుడి ముఖం. ఆయన మంచివాడే. ఆ మాట ఆమె ఎప్పుడూ కాదనదు.

"సరే," అంది. కప్పు తీయలేదు. చెప్పులు విడిచి, ఉత్త చేతులతో గడ్డిలోకి నడిచి, కొత్త స్ప్రింక్లర్ పక్కన కూర్చుంది. కాసేపటికి భర్త గుమ్మంలోకి వచ్చాడు.

"ఏమైంది? ఏదైనా పాడైందా?"

"లేదండీ. అన్నీ బాగానే పనిచేస్తున్నాయి."

"మరి అక్కడ ఏం చేస్తున్నావు?"

"కూర్చున్నాను."

"ఊరికేనా?"

"ఊరికే. నలభై నిమిషాలు. రోజూ కూర్చుంటాను. నూనె సీసా గూట్లో ఉంది, ఇస్త్రీపెట్టె దాని పక్కనే ఉంది."

ఆయన లోపలికి వెళ్లాడు. బల్ల మీది కప్పు తీసిన చప్పుడైంది. కుళాయి తిప్పిన చప్పుడైంది. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.

లోపల అత్తగారి గొంతు వినిపించింది. "అమ్మాయేదిరా? ఇవాళ కూడా రిపేరేనా?"

"రిపేరేమీ లేదమ్మా. కూర్చుందట. ఊరికే."

గూట్లోంచి నూనె సీసా తీసుకున్న చప్పుడైంది.

"అయితే పిలవకు," అంది అత్తగారు.