ఇరవై రెండు మిల్లీమీటర్ల రాడ్డు

షెడ్డు ముందు ఎవరిదో బండి ఆగిన చప్పుడు వినగానే ఆమె కారు కిందనుంచి జారి బయటికొచ్చి, గోళ్ళ సందుల్లోని గ్రీజును గిన్నెల సబ్బుతో రుద్దుకుంటూ వంటింట్లోకి పరుగెత్తింది. షెడ్డుకీ ఇంటికీ మధ్య ఉన్నది ఒక్క తలుపే. మనుషులొస్తే ఆమె ఆ తలుపు ఇవతల ఉండాలి. "ఆడది కారు కింద దూరుతుందని తెలిస్తే మనకెవడూ బండివ్వడు" అని పెళ్ళయిన వారానికే మామగారు చెప్పారు. పనిమాత్రం చెయ్యొద్దని ఎవరూ అనలేదు. తండ్రి దగ్గర నేర్చిన పని అది. చీకట్లో తడిమి బోల్టు సైజు చెప్పేది.

వచ్చింది ఒక టీచరమ్మ, చిన్న కారులో.

"మలుపు తిరిగితే చాలు, పడవలా ఒరిగిపోతోందండీ. మా అమ్మకి కళ్ళు తిరుగుతున్నాయి."

"అదెంత పని మేడమ్! వెనకాల లావు రాడ్డు వేశామంటే బండి బండరాయే" అన్నాడు భర్త.

రెండు చక్రాలనూ కలుపుతూ అడ్డంగా ఉండే ఉక్కు రాడ్డు అది. బండి ఒక పక్కకి ఒరగబోతే మెలితిరిగి నిలబెడుతుంది. కంపెనీవాళ్ళు వెనక వేసింది పదహారు మిల్లీమీటర్లది. ఆయన చేతిలోది ఇరవై రెండు.

టీ తెచ్చిన ఆమె నోరు ఊరుకోలేదు. "ఏమండీ, వెనక ఒక్కదానికే అంత లావుది వద్దు. చూడ్డానికి ఆరు మిల్లీమీటర్లే గానీ బిగువు మూడున్నర రెట్లవుతుంది. ముందు చక్రాలు లాగే బండి. తడిరోడ్డు మీద మలుపులో యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే తోక తిరిగిపోద్ది."

ఆయన పకపకా నవ్వాడు. "మా ఆవిడకి గరిటెలతో కొలిచీ కొలిచీ అన్నీ అలాగే కనిపిస్తాయి మేడమ్."

టీచరమ్మ నవ్వింది. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే ఖాళీ కప్పులు ఏరుకుని లోపలికి వెళ్ళింది.

"నలుగురిలో నా పరువు తియ్యకు" అన్నాడాయన తర్వాత. "సాయంత్రానికి బిగించెయ్." ఆమె బిగించేసింది. ఒక్కో నట్టూ రెండేసిసార్లు సరిచూసింది, పని శుభ్రంగా చేస్తే పాపం అంటదన్నట్టు.

మూడో వారంలో వాన పడింది. బడి దగ్గరి మలుపులో టీచరమ్మ కారు గిర్రున తిరిగి, వెనక భాగం గోడకి కొట్టుకుంది. ఆవిడ కుడి మణికట్టు విరిగింది. వెనక సీట్లోని తల్లి దెబ్బలు తగలకుండా బయటపడింది గానీ, కూతురితో ఇక బండెక్కనని ఒట్టేసుకుంది.

చేతికి కట్టుతో టీచరమ్మ షెడ్డుకు నడిచొచ్చింది. "బంపరుకెంతవుతుందో కనుక్కుందామని. అమ్మేస్తున్నాం. తప్పు నాదేలెండి. భయపడి మలుపులో కాలు తీసేశాను. మావారు తాళాలు లాగేసుకున్నారు. నీకు బండెందుకన్నారు. నిజమే కదా!"

"ఆడవాళ్ళకి కంగారెక్కువ మేడమ్. ఏమే, అంతేనా?" భర్త ఆమెవైపు తిరిగాడు.

ఆమె తలూపింది.

ఆ తలూపడం ఆమెను తిననివ్వలేదు, నిలవనివ్వలేదు. సిగ్గు ఆమెకి కొత్త కాదు. పెళ్ళిళ్ళలో నల్లటి గోళ్ళు కొంగు చాటున దాచుకోవడం అలవాటే. కానీ అవన్నీ ఎదుటివాళ్ళు పడేలా చేస్తే పడ్డ సిగ్గులు. ఇది తన సొంతం. ఆయనకి తెలియక అన్నాడు, తెలియనితనానికి అంత గొంతు ఉండటమే ఆయన బతుకు. మరి తనకో? లెక్కతో సహా తెలుసు. తెలిసి నవ్వింది, తెలిసి బిగించింది, ఇప్పుడు ఇంకో ఆడమనిషి తన తెలివినే తాను నమ్మకుండా పోతుంటే తెలిసి తలూపింది. మామగారు తలుపుకి అవతల నిలబడి ఒక్క మాటే అన్నారు, ఇవతల గడియ పెట్టుకున్నది తను కాదూ?

మర్నాడు ఆ కారులోంచి విప్పిన పాత పదహారు రాడ్డూ, జాకీ, స్పానర్లూ సంచిలో వేసుకుంది.

"ఎక్కడికి?" అన్నాడు భర్త.

"టీచరమ్మగారింటికి."

"నోరు తెరిచావంటే షెడ్డుకి తాళమే!"

"నాకూ భయంగానే ఉందండీ" అని చెప్పులేసుకుంది.

అక్కడ ముందుగదిలో టీచరమ్మ, ఆవిడ భర్త, తల్లి ఉన్నారు. ఆమె కూర్చోలేదు. "మేడమ్, తప్పు మీది కాదు. వెనక అంత లావు రాడ్డుంటే, ఆ వానలో కాలు తీసినవాళ్ళు ఎవరైనా అంతే. మగవాళ్ళు నడిపినా తిరిగేది."

"మెకానిక్ చేసిన దానికి నువ్వెందుకొచ్చావమ్మా? మీ ఆయన్ని పంపు" అన్నాడు టీచరమ్మ భర్త.

తప్పుకోవడానికి దారి దొరికింది. ఆమె సంచిలోంచి పాత రాడ్డు బయటికి తీసింది.

"బిగించింది నేనండీ. వద్దని తెలిసీ నేనే బిగించాను."

పెళ్ళయిన ఈ పదకొండేళ్ళలో ఎన్నో వందల బండ్లు ఆమె చేతులమీదుగా బాగుపడి వెళ్ళాయి. ఇది నా పని అని ఆమె పైకి చెప్పుకోవడం మాత్రం ఇదే మొదలు.

టీచరమ్మ పరవాలేదనలేదు. ఆమె ముఖంలోకి చూసి, భర్తవైపు తిరిగి, కట్టులేని చెయ్యి చాపింది.

"తాళాలివ్వండి."