లోపలి బొట్టు

నాకు ముక్కు మీదే కోపం. మా ఆయన తిలక్ ఆ సంగతి పెళ్లైన కొత్తలోనే కనిపెట్టాడు. మా అత్త మంజులమ్మ పెళ్లిచూపుల్లోనే కనిపెట్టిందట. అంగడి తెరిచిన ఏడు ఆయుధపూజకు ఆమె చేత కంప్యూటర్‌కు బొట్టు పెట్టించింది కూడా నా కోపమే.

హోసూరు బాగలూరు రోడ్డులో నాకొక చిన్న అంగడి ఉంది. పెళ్లికార్డులు, కరపత్రాలు, అర్జీలు టైపు చేసి ఇస్తాను. తెలుగు, తమిళం, కన్నడం, ఏది అడిగితే అది. రెండువేల మూడులో అంగడి తెరిచినప్పుడు ఉన్నది ఒకే ఒక కంప్యూటర్. మా అత్త కెలవరపల్లిలో తాను సాకిన రెండు సీమావులను అమ్మి దాన్ని కొనిపెట్టింది. మామ శ్రీరామప్ప పోయి అప్పటికి చాలా ఏళ్లయింది, ఆమె మాతోనే ఉండేది. పొద్దున నాతోపాటు అంగడికి వచ్చి, వాకిలి చిమ్మి, స్టూలు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లను పలకరించేది.

ఆయుధపూజ వస్తే మా ఊళ్లో పనిముట్లకే పండగ. జూజువాడి చెక్‌పోస్టు దగ్గర ఆగే ప్రతి లారీ ముందరా అరటి పిలకలు కట్టి ఉంటాయి. ఫ్యాక్టరీ మిషన్లు మొదలుకొని ఇంట్లో కత్తిపీట దాకా అన్నిటినీ కడిగి తుడిచి, గంధం కుంకుమ పెడతారు. పూజ అయ్యాక వాటిని ఎవరూ ముట్టరు. మరునాడు విజయదశమి పొద్దున మళ్లీ పని మొదలుపెడతారు.

ఆ రోజు నేను కంప్యూటర్ డబ్బా విప్పాను. లోపలి దుమ్మంతా బ్రష్షుతో దులిపి, ఊడివచ్చే భాగాలన్నీ ఊడదీసి అరటాకు మీద పెట్టాను. ఆ పని మోహన్‌రాజ్ నేర్పించాడు. మాకు కంప్యూటర్ బిగించి ఇచ్చింది అతనే. పక్క అంగడి రామలక్ష్మమ్మ గంధం గిన్నె, కుంకుమ భరిణె పట్టుకుని వచ్చి నిలబడింది. ఆమె బట్టలు కుడుతుంది, మా అంగడి గది కూడా ఆమెదే.

"నువ్వు పెడతావా, నేను పెట్టల్లనా?" అంది.

"మా అత్త పెడతాది. ఆమె ఆవులు అమ్మి తెచ్చిన మిషను కదా," అన్నాను.

రామలక్ష్మమ్మ నన్ను పక్కకు పిలిచింది. పిలిచింది గుట్టుగానే గానీ, చెప్పింది మాత్రం అత్తకు వినపడేట్టే చెప్పింది.

"అట్ల కాదమ్మా. మంజులక్క మంచి మనిషే, నేను కాదనను. కానీ మొగుడు పోయినామె చేత ఆయుధానికి బొట్టు పెట్టిస్తారా యాడన్నా? తోటలో మోటారు సంగతి నీకు తెలీదా ఏమి?"

తెలియకేం. మామ బతికున్నప్పుడు ప్రతి ఆయుధపూజకూ బావి మోటారును విప్పి తుడిచేవాడు, అత్త ఒక్కొక్క భాగానికీ బొట్టు పెట్టేది. మామ పోయిన ఏడు మోటారు విప్పేవాళ్లు లేరు. అత్త అలవాటు కొద్దీ ఒక్కతే పోయి పైన బొట్టు పెట్టి వచ్చింది. ఆ వారంలోనే మోటారు కాలిపోయింది, పూత మీదున్న టమాటా తోటంతా ఎండిపోయింది. ఆ చెయ్యి మంచిది కాదని దాయాదులు అన్నారు, తర్వాత ఊరంతా అంది. అప్పటినుంచి ఆమె కుంకుమ భరిణె ముట్టలేదు. చుట్టాల పెళ్లిళ్లకు పోతే వంటింట్లోనే ఉండిపోయేది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. రామలక్ష్మమ్మ చేతిలో భరిణె లాక్కుని అత్త చేతిలో పెట్టాను.

"వొద్దమ్మీ," అంది అత్త.

"నువ్వు పెట్టకుంటే పూజే వొద్దు. అంగడికి బీగం వేసి ఇంటికి పోదాం పద."

ఆమె నా ముఖం చూసింది. నేను అన్నంత పనీ చేస్తానని తెలుసు. భరిణె మూత తీసింది.

బూడిదగుమ్మడికాయ, బొరుగులు కొనడానికి నేను రోడ్డు మీదికి పోయి వచ్చేసరికి అత్త అరటాకు ముందర కూర్చుని ఒక్కొక్క భాగాన్నీ చేతికి తీసుకుని, గంధం రాసి, కుంకుమ అద్దుతోంది.

"పైన డబ్బాకు పెడితే చాలు కదత్తా."

"పైన పెడితే ఎవురికి పెట్టినట్టు? పని చేసేది లోపల ఉండేది కదా. మీ మామ మోటారు విప్పితే నేను బోల్టులకు కూడా పెట్టేదాన్ని."

ఆమె ముఖం అంత తెరిపిగా ఉండడం నేను అంతకుముందు చూడలేదు. నా కోపానికి నేనే శభాష్ అనుకున్నాను.

పెట్టిన బొట్టును ఎవరైనా తుడుస్తారా? నేనూ తుడవలేదు. అన్నిటినీ అట్లాగే తిరిగి బిగించి, డబ్బా మూసి, హారతి ఇచ్చి, గుమ్మడికాయ కొట్టాను. పూజైన దాన్ని ముట్టకూడదు కాబట్టి ఆన్ చేసి చూసే మాటే లేదు.

మరునాడు పొద్దున అత్తను పక్కనే నిలబెట్టుకుని స్విచ్చి ఒత్తాను. ఫ్యాను తిరిగింది, లైటు వెలిగింది. మానిటర్ మాత్రం నల్లగానే ఉంది. కాసేపటికి డబ్బా లోపలినుంచి బీప్ అని పొడుగ్గా ఒక అరుపు వచ్చింది. ఆగింది. మళ్లీ అరిచింది.

పక్కన రామలక్ష్మమ్మ కుట్టుమిషను ఆగిపోయింది. ఆమె వచ్చి గుమ్మంలో నిలబడి విన్నది. నేను చెప్పలేదా అని ఒక్క మాట అని ఉంటే నేనూ నాలుగు మాటలు అని ఉండేదాన్ని. ఆమె ప్చ్ అని ఊరుకుంది.

అత్త ఇంటికి పోయింది. ఇల్లు వెనక వీధిలోనే. తిరిగి వచ్చేటప్పుడు ఆమె చేతిలో బట్టల సంచి ఉంది.

"నేను కెలవరపల్లికి పోతానమ్మీ. నా చెయ్యి సంగతి నాకు తెలుసు. మీ బతుకు దాంట్లో ఉండాది. నేను ఈడ ఉండేది వొద్దు."

"బస్సు ఇంకా రాలేదు కదా, కూర్చో," అన్నాను, ఏడుపు వస్తుంటే గొంతు పెంచి. ఆమె స్టూలు మీద కూర్చోలేదు. గడప అవతల మెట్టు మీద, సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

ఆ మనిషిని ఆ బస్సు ఎక్కనిస్తే, ఇక జన్మలో ఏ శుభకార్యంలోనూ ముందుకు రాదు. నాకు అదొక్కటే బుర్రలో తిరుగుతోంది. వైర్లన్నీ పీకి మళ్లీ గుచ్చాను. ప్లగ్గు మార్చాను. మానిటర్ వైరు ఊడదీసి బిగించాను. డబ్బాను నానా తిట్లూ తిట్టాను. అది అదే అరుపు అరిచింది.

ఫోను రామలక్ష్మమ్మ అంగడిలోనే ఉంది. వేరే గతి లేక ఆమె ముందరే మోహన్‌రాజ్‌కు ఫోను చేశాను. పండగకు అతను సొంత ఊరు కల్లావికి పోయి ఉన్నాడు.

"అరుపు ఎట్ల వస్తా ఉందక్కా? పొట్టిగానా, పొడుగ్గానా?"

"పొడుగ్గా. ఆగి ఆగి వస్తా ఉండాది."

"అయితే ర్యామ్ దొరకలేదని అరుస్తా ఉంది. పొడుగ్గా పచ్చరేకు ఉంటాది చూడు, దాన్ని ఊడదీయి. కింద అంచుకు బంగారు రంగు గీతలు ఉంటాయి, వాటిని పెన్సిల్ రబ్బరుతో బాగా రుద్ది మళ్లీ పెట్టు. తడి మాత్రం తగలనియ్యొద్దు. తగిలితే కాలిపోయినా కాలిపోతాది. నా దగ్గర ఇంకొకటి లేదు, బెంగళూరు నుంచి రావల్ల."

డబ్బా విప్పి ఆ రేకును బయటికి తీశాను. మిగతా భాగాలకు అత్త బొట్టు పైనెక్కడో పెట్టింది. దీనికి మాత్రం సరిగ్గా ఆ బంగారు గీతల మీదే, ఈ చివరినుంచి ఆ చివరిదాకా గంధం పూసి కుంకుమ అద్దింది. అంతా ఎండి గట్టిపడి ఉంది.

"అత్తా, దీనికి ఈడ ఎందుకు పెట్టినావు?"

మెట్టు మీదనుంచే చూసింది. "బంగారంలాగ మెరుస్తా ఉండె. అదే దాని ముఖం అనుకున్నాను."

రబ్బరుతో రుద్ది రుద్ది గీతలు మెరిపించాను. అది కూర్చునే గాడిలో రాలిన కుంకుమను పొడి బ్రష్షుతో దులిపాను. బిగించి స్విచ్చి ఒత్తితే చిన్నగా ఒక్కసారి కూత పెట్టి, మానిటర్ వెలిగింది.

నా సంతోషం అంతా ఇంతా కాదు. ఆ తర్వాతే అత్తకు ఏం చెప్పాలా అని ఆలోచన పడింది. వైరు ఊడిందని ఒక అబద్ధం చెప్పవచ్చు. కానీ అన్నాళ్లూ ఊడని వైరు తన చెయ్యి పడిన నాడే ఎందుకు ఊడిందని ఆమె అడిగితే ఏం చెప్పేది? ఉన్నదున్నట్టే చెప్పాను.

"గంధం అడ్డం పడింది అత్తా. రేకులోకి కరెంటు పారలేదు. అంతే, ఇంకేం లేదు."

ఆమె నెమ్మదిగా తలాడించింది. "నేను చెప్పేదీ అదే కదమ్మీ. నా చేత్తో పెట్టిందే అడ్డం పడింది."

"పాపం, పెద్దామె తప్పేముంది," అంది రామలక్ష్మమ్మ గుమ్మంలోనుంచి. "ఆ చేతి రాత అట్లాంటిది."

కంప్యూటర్ ఆపేశాను. డబ్బా విప్పాను. అప్పుడే బాగైన రేకును మళ్లీ బయటికి తీశాను.

"ఏమి చేస్తా ఉండావు వినుతా?" అంది రామలక్ష్మమ్మ.

"నా మెడలో తాళి ఉండాది కదక్కా? నాది మంచి చెయ్యే కదా?"

"నీకేమమ్మా, మహాలక్ష్మివి."

నిన్నటి గిన్నెలోనే గంధం కలిపాను. ఉంగరం వేలితో ఆ బంగారు గీతల మీద ఈ చివరినుంచి ఆ చివరిదాకా పూశాను. పైన కుంకుమ అద్దాను. ఫ్యాను కింద పెట్టి ఆరనిచ్చాను. తడి తగిలితే కాలిపోతుందన్న మోహన్‌రాజ్ మాట చెవిలో మోగుతూనే ఉంది. కాలిపోతే అంగడి మూసుకోవాలి. అంతకంటే పెద్ద భయం ఇంకొకటి. నేను పెట్టిన బొట్టుతో అది చక్కగా పని చేసిందంటే, మా అత్తను ఇక ఆ దేవుడు కూడా ఒప్పించలేడు. విజయదశమి నాడు తన మిషను చెడిపోవాలని మొక్కుకున్నది హోసూరు మొత్తానికి నేనొక్కదాన్నే అయ్యుంటాను.

రేకు బిగించాను. స్విచ్చి ఒత్తాను. ఫ్యాను తిరిగింది. మానిటర్ నల్లగా ఉంది.

పొడుగ్గా అరిచింది. ఆగింది. మళ్లీ అరిచింది. అంత కమ్మని చప్పుడు నేను ఇంతవరకూ వినలేదు.

"చూసినావా అక్కా? ఇంకా నమ్మకం లేకుంటే నువ్వూ ఒకసారి పెట్టి చూడు," అని గంధం గిన్నె రామలక్ష్మమ్మ ముందుకు చాపాను.

ఆమె రెండు చేతులూ వెనక్కు పెట్టుకుంది. "నాకెందుకమ్మా, జాకెట్లు కుట్టేవి ఉండాయి," అని వెళ్లిపోయింది.

అత్త మెట్టు మీదనుంచి లేచింది. సంచి ఒళ్లోనుంచి జారి కిందపడినా చూసుకోలేదు. లోపలికి వచ్చి నా పక్కన నిలబడి, అరుస్తున్న డబ్బాను చూసింది, నా నొసటి బొట్టును చూసింది.

"నీ చెయ్యి పెట్టినా అరుస్తాదా?"

"ఎవురి చెయ్యి పెట్టినా అరుస్తాది అత్తా."

నేను మిషను ఆపి రేకు బయటికి తీసేసరికి ఆమె రబ్బరు చేతిలోకి తీసుకుంది. "ఇట్ల ఇయ్యి, నేను తుడుస్తాను," అంది. కింద కూర్చుని, తడి లేకుండా కొంగుకు చెయ్యి తుడుచుకుని, ఒక్కొక్క గీతనూ రుద్దింది. నేను గాడి దులిపి రేకు బిగించాను.

"నువ్వే ఒత్తు అత్తా."

ఆమె వెనకాడకుండా ఒత్తింది. ఈసారి కాలిపోలేదు కదా అని నేను డబ్బా వైపే చూస్తున్నాను. చిన్న కూత ఒకటి వినపడింది. మానిటర్ వెలిగి, ఆ వెలుతురు ఆమె ముఖం మీద పడింది. ఇప్పుడు నవ్వుతుందనుకున్నాను. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"వినుతా," అంది.

"ఏమత్తా?"

"ఆ మోటారు కాలిపోయింది అన్నారు, తీసుకుపోయి పాత ఇనుముకు వేసేసినారు." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఎవురూ దాన్ని విప్పి చూడలేదమ్మీ."