అమ్మీని ఎక్కడ పెట్టారు

చేపలు తోముతున్న చేత్తోనే ఫోనెత్తింది నీలోఫర్. బందరు నుంచి తమ్ముడు ఫైసల్. ఏటా వర్షాలకి ఖబరస్తాన్‌లో సమాధుల మీద మోకాలి లోతు నీళ్ళు నిలుస్తున్నాయని ఇప్పుడు మట్టి తోలి మెరక చేస్తున్నారట. ఎవరి వాళ్ళకి వాళ్ళు రాళ్ళు పాతుకోమన్నారట. అబ్బాకి పేరు చెక్కించిన రాయి పెట్టేశాడట.

“అమ్మీకో?” అంది నీలోఫర్.

“అక్కడే కదా ఆపా, పక్కనే,” అని పెట్టేశాడు.

ఏ మాట విన్నా ముందు చెడ్డే తోచే మనిషి ఆమె. భర్త రషీద్ కొట్టు కట్టేసి రావడం కాస్త ఆలస్యమైతే చాలు, గుడివాడ బైపాస్ మీద లారీ కనబడుతుంది. కూతురు తమన్నా కాలేజీ నుంచి వేళకి రాకపోతే కాలవలో తేలుతున్న చున్నీ కనబడుతుంది. ఈసారి ట్రాక్టరు కనబడింది. అమ్మీ మీద మట్టి గుమ్మరిస్తుంటే, ఆగండి, ఇక్కడ మనిషుంది అని చెప్పే నోరు ఒక్కటీ లేదు.

భోజనాల దగ్గర మెల్లగా కదిపింది. రషీద్ ముల్లు ఏరుకుంటూ, “ఆడవాళ్ళు ఖబరస్తాన్‌కి వెళ్తారా ఎక్కడైనా? మగాళ్ళు చూసుకుంటారులే. పులుసులో ఉప్పు తగ్గింది, చూసుకోలేదా?” అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆయనకి అన్నం, కూర వండి మూతలు పెట్టి, గ్యాసు కట్టేశానా లేదా అని రెండుసార్లు వెనక్కెళ్ళి చూసుకుని, తమన్నాని వెంటబెట్టుకుని బందరు ప్యాసింజరు ఎక్కేసింది. తలుపు పక్కన కూర్చోవద్దంది. కిటికీలోంచి చెయ్యి బయట పెట్టొద్దంది. తమన్నా నవ్వి, “నన్ను సంచిలో వేసుకో అమ్మీ, భయం తీరిపోతుంది,” అంది.

ఇదే రైల్లో చిన్నప్పుడు అమ్మీ తన చీర చెంగునీ నీలోఫర్ గౌను అంచునీ కలిపి ముడేసేది. తలుపు దగ్గర నిలబడి బీడీ కాల్చుకుంటున్న అబ్బా వెనక్కి చూసి, “పిల్లనా మేకనా ఆమినా, అలా కట్టేశావు?” అని పెట్టెలో వాళ్ళందర్నీ నవ్వించేవాడు. అమ్మీ ముడిని ఇంకోసారి లాగి చూసుకునేది. ఆ వేళ్ళ కొసలు ఎప్పుడూ చిట్లి ఉండేవి. చిలకలపూడిలో ఇంట్లోనే కూర్చుని రోల్డుగోల్డు గొలుసులకి కొక్కేలు తగిలించేది. వంట మధ్యలో, పాలిచ్చే మధ్యలో, జ్వరంలో కూడా. సరుకు మాత్రం అబ్బా పట్టుకెళ్ళి ఇచ్చి వచ్చేవాడు. అబ్బా గురించి, హమీద్ గారు గొలుసుల పని చేస్తారు అనేవాళ్ళు ఊళ్ళో. మరి ఆమినా బీ ఏం చేస్తుందంటే, ఇంట్లోనే ఉంటుంది అనేవాళ్ళు. పెడన దాటేదాకా అదే తలుచుకుంటూ, తనకి తెలియకుండానే కూతురి చున్నీ కొస గుప్పిట్లో పట్టుకుని కూర్చుంది నీలోఫర్.

ఖబరస్తాన్ గేటు దగ్గర, మట్టి పని చూస్తున్న ఫైసల్ ఎదురొచ్చాడు. బయట నిలబడితే చాలు, అక్కణ్ణుంచే చూపిస్తానన్నాడు. నీలోఫర్ తమన్నాని గేటు పక్కన నిలబెట్టి, కొంగు తల మీదికి లాక్కుని లోపలికి నడిచింది. సగం నేల అప్పటికే కొత్త ఎర్రమట్టితో లేచింది. మిగతా సగంలో అబ్బా రాయి, నల్లగా, నున్నగా. అబ్దుల్ హమీద్, చిలకలపూడి.

“అమ్మీ?”

ఫైసల్ ఎడమ పక్కకి చెయ్యి చూపించాడు. అక్కడ వేరెవరిదో పేరుంది. కుడి పక్క చూపించాడు. అక్కడో తుమ్మ మొక్క తప్ప ఏమీ లేదు. ఆ తర్వాత చెయ్యి దించేశాడు. ఆ చోటు అబ్బాకైతే తెలుసునట. అబ్బా పోయాక తను అబ్బా దగ్గరే నిలబడి ఇద్దరికీ కలిపి ఫాతిహా ప్రార్థన చదివేస్తున్నాడట.

“ఎక్కడ నిలబడి చదివినా అందుతుంది ఆపా,” అన్నాడు, తలెత్తకుండా.

అందుతుందని ఆమెకీ తెలుసు. ఆమె తలుచుకున్నది వేరు. పోయినవాళ్ళని తలుచుకునే షబ్-ఏ-బరాత్ వచ్చిందంటే పొద్దుట్నుంచీ ఫైసల్ ఇంట్లో పొయ్యి ముందు నిలబడి, భుజాలు పడిపోయేలా హల్వా తిప్పేది. టోపీలు పెట్టుకుని, అత్తరు రాసుకుని మగాళ్ళు ఖబరస్తాన్‌కి వెళ్ళేవాళ్ళు. తిరిగొచ్చాక గుమ్మంలోనే ఒక్క మాట అడిగేది, అమ్మీ దగ్గరికి వెళ్ళారా అని. వెళ్ళాం, హల్వా పెట్టు అనేవాడు ఫైసల్. అవును, వెళ్ళాం అనేవాడు రషీద్, చెయ్యి కడుక్కుంటూ. ఆ మాట చాలు, ఏడాది పాటు కడుపు నిండేది.

మట్టితో వచ్చిన ట్రాక్టరు ఆగింది. పోసెయ్యమంటారా అండీ అని డ్రైవరు ఫైసల్ని అడిగాడు. ఫైసల్ అక్క మొహంలోకి చూశాడు. ఏడుస్తుందనుకున్నాడో, తిడుతుందనుకున్నాడో. ఆమె గేటు వైపు తిరిగింది.

“తమన్నా, లోపలికి రా.”

“మామూ ఏమన్నా అంటాడేమో అమ్మీ.”

“రమ్మంటున్నాను కదా.”

చెప్పులు చేత్తో పట్టుకుని, అడుగులో అడుగేసుకుంటూ వచ్చి పక్కన నిలబడింది పిల్ల. నీలోఫర్ గొంతు తగ్గించలేదు. తమ్ముడు వింటుండగానే చెప్పింది.

“రేపు నన్ను తీసుకొచ్చిననాడు గేటు దగ్గర ఆగిపోకు. ఎవరు వద్దన్నా వెనకాలే వచ్చెయ్. నన్నెక్కడ పెట్టారో నీ కళ్ళతో చూసుకో. వీళ్ళనెవర్నీ అడక్కు.”