బొటనవేలు అక్కర్లేని ఇంజెక్షన్

వంతెన మునిగిన వరద తర్వాత మూడో ఏడు అది. ఆ నీళ్లు మా షాపు గోడ మీద వదిలిపోయిన మట్టిచార ఇంకా చెరగలేదు. ఆ చార కిందే నా బల్ల. నేను స్ప్రింగులు చుడతాను.

పై గదిలో ఇంజనీరమ్మ పని చేసేది. రోగి ఇంట్లోనే, తన చేత్తో తానే చేసుకునే ఇంజెక్షన్ పరికరం తయారు చేయడం ఆవిడ పని. మందూ సూదీ లోపలే ఉంటాయి. తొడకు ఆనించి బటన్ నొక్కితే స్ప్రింగును పట్టి ఉంచిన కొక్కెం వదులుతుంది, ఆ స్ప్రింగు సూదిని దించి మందును తోస్తుంది. అది గుప్పిట్లో పట్టాలి. ఒక్కసారి కూడా మొండికెయ్యకూడదు. గీసేది ఆవిడ, స్ప్రింగు నాది, మిగతా ముక్కలు లేతు మీద తీసేది గొణుగుడు. అతని అసలు పేరు జీతం ఇచ్చేవాళ్లకే గుర్తుంటుంది.

అలాంటి మందు మా ఇంట్లోనే ఒకరికి కావాలి. మా అక్క బట్టలు కుట్టి బతికిన మనిషి. కీళ్లు వాచి వేళ్లు వంకర తిరిగాయి. ప్రతి గురువారం బస్సెక్కి ఆసుపత్రికి పోయి, వరుసలో కూర్చుని, ఎవరో ఒకరి చేత పొడిపించుకోవాలి. ఆ చలికాలం తేల్చి చెప్పేసింది.

"నేనింక రాను. మందు మానేస్తా."

"చేతులు పూర్తిగా పోతాయి."

"ఇప్పుడవి ఏం వెలగబెడుతున్నాయని?"

అక్క ఒకసారి అన్నదంటే అన్నట్టే. చేసేది లేక షాపులో తయారవుతున్న పరికరం సంగతి చెప్పాను. అక్క నా మొహంలోకి చూసింది.

"నువ్వింత మాట్లాడావంటే అందులో ఏదో ఉంది. సరే, తీసుకురా. నా చేత్తో నేను నొక్కగలిగితే, అది అమ్మకానికొచ్చే దాకా నోరెత్తకుండా ఆసుపత్రికి వస్తా. నొక్కలేకపోతే మానేస్తా. మళ్లీ నన్ను బతిమాలొద్దు."

పరికరం అప్పటికే సిద్ధంగా ఉంది. ముగ్గురం నొక్కి చూశాం. గొణుగుడు కూడా "వెన్నలా ఉంది" అన్నాడు. అతని నోట మంచిమాట రావడం అరుదు కాబట్టి ఇక తిరుగులేదనుకున్నాం. అచ్చులు చేసేవాళ్లకు గీతలు పంపే ముందు ఇంజనీరమ్మ మా ఇంటికి వచ్చింది. అక్క తొడ మీద స్పాంజి కట్టి, మందు బదులు నీళ్లు నింపినది చేతికిచ్చింది.

అక్క బొటనవేలు బటన్ మీద పెట్టింది. నొక్కింది. పెదవి కొరికి మళ్లీ నొక్కింది. బటన్ కదల్లేదు. పరికరం జారి నేల మీద పడింది.

"బొటనవేలు లొంగితే నాకు ఈ మందు దేనికమ్మా?" అంది అక్క. నా చెయ్యి లాక్కుని తిప్పి చూపించింది. "ఇది వేలా, గిట్టా? దీంతో నొక్కి చూసి నాకు తెచ్చారా?"

ఇంజనీరమ్మ తన బొటనవేలు చూసుకుంది. నెలల తరబడి అదే బటన్ నొక్కి నొక్కి ఆవిడ వేలూ కాయలు కాసింది.

"నాదీ గిట్టే అయింది పెద్దమ్మా" అంది.

అక్క లేచి తలుపు వెయ్యబోయింది. వరదలో ఉబ్బిన తలుపు అది, తోస్తే గాని పడదు. రెండు అరచేతులూ ఆనించి ఒళ్లంతా వాల్చి మూసింది.

"పెద్దమ్మా, ఆ తలుపు ఇంకోసారి తీసి వెయ్యి."

"నీకు చలి వెయ్యట్లేదా?"

"ఒక్కసారి."

అక్క నన్ను చూసి, ఈ పిల్లకేమయిందన్నట్టు తల తిప్పి, తలుపు తీసి మళ్లీ మూసింది.

"వేలు వద్దు" అంది ఇంజనీరమ్మ నాతో. "వాలితే చాలు. బటన్ తీసేద్దాం."

మర్నాడే గీసింది. సూది చుట్టూ జారే తొడుగు. పరికరాన్ని తొడకేసి అదిమితే తొడుగు లోపలికి జరిగి కొక్కేన్ని తప్పిస్తుంది. అయితే తొడుగు జరగడానికి చోటు కావాలి. ఆ చోటు నా స్ప్రింగులోంచే పోయింది.

"కాస్త పొడుగు పెంచితే?" అన్నాను.

"గుప్పిట్లో పట్టదు."

పొట్టి స్ప్రింగుతో అంతే బలం రావాలంటే తీగ లావెక్కాలి. లావు తీగతో చుడితే కొక్కెం మీద బరువెక్కి తొడుగు కదలనంది. మరీ బిర్రుగా చుట్టినవి రెండు రోజులకే బలం తగ్గాయి. చివరికి సన్నతీగతో రెండు స్ప్రింగులు చుట్టి ఒకదాన్ని ఇంకోదాని కడుపులో పెట్టాను. బయటిది కుడివైపు, లోపలిది ఎడమవైపు. రెండూ ఒకే వైపు చుడితే చుట్లు ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుంటాయి. ఎడమ చుట్టు మా మిషను మీద రాదు. చేత్తోనే చుట్టాను.

బల్ల మీద బ్రహ్మాండంగా పనిచేసింది. ఏటవాలుగా ఆనిస్తే తొడుగు పట్టేసింది.

"నిటారుగా పెట్టుకోమనండి" అన్నాడు గొణుగుడు.

"ఆవిడ మణికట్టు ఒక పక్కకు వాలిపోయింది. వాలినట్టే పెడుతుంది" అంది ఇంజనీరమ్మ.

"అంటే తొడుగు మళ్లీ పొడుగ్గా తియ్యాలి. లోపల ఇంకా నున్నగా చెయ్యాలి. నా ప్రాణం ఎవరికీ పట్టదు." అంటూనే తీశాడు. అది బాగాలేదని అతనే పారేసి ఇంకోటి తీశాడు. ఇంజనీరమ్మ స్పాంజి కింద చెక్కముక్క దూర్చి, ఏటవాలుగానే ఒత్తించేది. ఒక్కటి పట్టేసినా అందరం మొదటికి వచ్చేవాళ్లం. పట్టడం మానేదాకా అదే పని.

ఆదివారం సాయంత్రం కొన్ని సంచిలో వేసుకుని మళ్లీ మా ఇంటికి వెళ్లాం. ఈసారి గొణుగుడూ వచ్చాడు.

"ఈసారి ఎవరి వేలు తెచ్చారు?" అంది అక్క.

"ఎవరిదీ తేలేదు పెద్దమ్మా. తలుపు మూసినట్టు ముయ్యి."

అక్క తొడ మీది స్పాంజిపై పరికరాన్ని రెండు అరచేతుల మధ్య నిలబెట్టింది. అది అప్పుడే ఒక పక్కకు వాలింది. గొణుగుడు నోరు తెరవబోతే నేను అతని కాలు తొక్కాను. అక్క ముందుకు వంగింది.

టిక్కుమంది.

"ఏమయింది?"

"అలాగే ఉంచు... ఇప్పుడు తియ్యి."

స్పాంజి తడిసింది. అక్క ఆ తడిని వేలి కణుపుతో తాకి చూసింది. చెయ్యి చాపింది.

"ఇంకోటియ్యి."

ఇచ్చాం. అదీ టిక్కుమంది. తెచ్చినవన్నీ వరసగా ఒత్తింది. చివరిది తలుపు వైపు చూస్తూ, మాతో మాట్లాడుతూనే ఒత్తింది. ఒక్కటీ మొండికెయ్యలేదు. ఖాళీవన్నీ ఒళ్లోంచి తీసి పక్కన పెట్టి నా వైపు తిరిగింది.

"గురువారం బస్సు ఎన్నింటికి?"

మర్నాడు పొద్దున అక్క కుట్టుపెట్టెలోంచి గుడ్డపీలికలు తీసుకున్నాను. నా వేళ్లు ఏ ఒక్కటీ వంగకుండా చుట్టుకున్నాను. ముడి అక్క పళ్లతో బిగించింది. అలాగే షాపుకు వెళ్లి, ఆ వేళ తయారైన వాటిని ఒక్కొక్కటే అరచేతుల మధ్య పెట్టి, వాలి చూశాను.

"ఏం, చెయ్యి విరిగిందా?" అన్నాడు గొణుగుడు.

జేబులోంచి ఇంకో పీలిక తీసి అతని ముందు పెట్టాను.

"కట్టుకో" అన్నాను.