ఖాళీ వరుస దగ్గర ఆగిన గొంతు

నేను ఒక పాత ల్యాప్‌టాప్‌ని. నా పుట్టుక గురించి పెద్దగా చెప్పుకోవడానికి లేదు. తెర ఒక దేశంలో, మీటలు ఇంకో దేశంలో తయారయ్యాయని నా వీపున అంటించిన చీటీ చెబుతుంది. మొదట గుంటూరులో ఒక ట్రావెల్స్ ఆఫీసులో టికెట్లు కొట్టాను. అక్కడివాళ్లు విసుగంతా నా ఎంటర్ మీట మీదే తీర్చుకునేవారు. గట్టిగా కొడితే పని తొందరగా అవుతుందని మనుషులకు ఎందుకో నమ్మకం. తరువాత సెకండ్‌హ్యాండ్ షాపులో కొన్నాళ్లు దుమ్ముపట్టి, చివరికి చీరాలలో మంగతాయారు గారింటికి చేరాను.

ఆవిడ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. భర్త పట్టాభిరామయ్య గారు పగలు కరెంటు ఆఫీసులో ఉద్యోగం చేస్తూ, సాయంత్రాలు పద్యనాటకాలు ఆడినవారు. మైకు లేకపోయినా హాల్లో చివరి కుర్చీ దాకా వినిపించే గొంతు. ఆ గొంతులోనే క్యాన్సర్ వచ్చింది. ప్రాణం నిలవాలంటే స్వరపేటిక తీసెయ్యక తప్పదన్నారు డాక్టర్లు.

ఆపరేషన్‌కి ముందు ఆయన్ని నా ఎదుట కూర్చోబెట్టి ఆవిడ కొన్ని మాటలు రికార్డు చేయించారు. కావాలి, వద్దు, సరే, మంగా... ఇంట్లో రోజూ వాడేవే. ఆయన ప్రతి మాటకూ రాగం తీయబోతే, "నాటకం కాదండీ, మామూలుగా అనండి" అని కసిరారు.

"మామూలుగానే అన్నానే!" అన్నారాయన. అదీ నాలో ఉండిపోయింది.

ఆస్పత్రి నుంచి వచ్చాక ఆయన పలక మీద రాయమంటే రాయలేదు. గోడవైపు తిరిగి పడుకునేవారు. ఆకలేసినా చెప్పేవారు కాదు. నాటక సమాజం మిత్రులు వచ్చి కూర్చుంటే కళ్లు మూసుకున్నారు.

మంగతాయారు గారి పాత శిష్యురాలు హైమ బెంగళూరులో ప్రోగ్రాములు రాస్తుంది. ఒక్కో మీటకు ఆయన మాట ఒకటి వినిపించేలా పైథాన్ అనే కంప్యూటర్ భాషలో కోడ్ రాసి మెయిల్ చేసింది. ఆవిడ నాలో పైథాన్ కిటికీ తెరిచారు. అదొక ముచ్చట్ల కిటికీ. వరుస రాసి ఎంటర్ కొడితే అక్కడికక్కడే జవాబిస్తుంది. చెప్పేది ఇంకా పూర్తికాలేదనుకుంటే మూడు చుక్కలు పెట్టి ఎదురుచూస్తుంది. ఆవిడ కోడంతా కాపీ చేసి ఒక్కసారిగా అందులో అతికించారు.

పట్టాభిరామయ్య గారు మంచం దిగి వచ్చి వెనకే నిలబడ్డారు. ఆశపడ్డట్టున్నారు. తెర నిండా తప్పులే వచ్చాయి. ఆయన కాసేపు చూసి, వచ్చినదారినే వెళ్లి పడుకున్నారు.

ఆవిడ ఫోన్ చేశారు. "హైమా, నువ్వు పంపింది పంపినట్టే పెట్టానే. ఇది ఒప్పుకోవడం లేదు."

"మధ్యమధ్య ఖాళీ వరుసలున్నాయి కదా టీచర్, చదవడానికి బావుంటుందని నేనే వదిలాను. ఫైల్లో పెడితే పర్లేదు. ఆ కిటికీలో అతికిస్తే మాత్రం, ఖాళీ వరుస కనబడగానే ఫంక్షన్, అదే, ఒక పనికి రాసిన వరుసల కట్ట, అయిపోయిందనుకుంటుంది. మిగతాదంతా దానికి తలాతోకా లేని మాటే."

"అంటే, నేను ఊపిరి పీల్చుకుంటే పాఠం అయిపోయిందని పిల్లలు లేచిపోయినట్టా?"

"అచ్చం అంతే టీచర్!"

ఆవిడ ఖాళీలన్నీ తీసేసి మళ్లీ అతికించారు. మళ్లీ తప్పే. ఈసారి ఫంక్షన్ ఎక్కడ ముగిసిందో నాకు తెలియలేదు మరి. ఆవిడ కళ్లజోడు తుడుచుకుని, "మధ్యలో ఆగకూడదు, అయిపోయిన చోట చెప్పాలి. అంతేగా నీ గొడవ?" అని నన్నే అడిగి, ఫంక్షన్ చివర ఒక్క ఖాళీ వరుస వదిలారు. మూడు చుక్కలు బుద్ధిగా వరుసకట్టి దిగాయి. ఏ తప్పూ రాలేదు. నేను మీట కోసం ఎదురుచూశాను.

ఆవిడ ఆయన్ని పిలిచారు. రాలేదు. అప్పుడు మీటల మీద మాటల చీటీలు అంటించి, నన్ను తీసుకెళ్లి మంచం పక్క స్టూలు మీద పెట్టారు. గ్లాసుతో రాగిజావ తెచ్చి, "తాగండి" అన్నారు.

ఆయన చాలాసేపు చూసి, ఒక్క వేలు చాపారు.

"వద్దు."

గది దద్దరిల్లింది. అదే గొంతు. ఆయనే ఉలిక్కిపడ్డారు. ఆవిడ గ్లాసు కింద పెట్టి, అక్కడే నేల మీద కూర్చుని, కొంగులో మొహం దాచుకుని ఏడ్చారు. ఆయన గాభరాగా ఆవిడ తల మీద చెయ్యి వేసి, రెండో చేత్తో నన్ను వెతుక్కున్నారు.

"మంగా," అన్నాను ఆయన గొంతుతో. "వద్దు. వద్దు."

ఆ తరువాత హైమ సెలవుల్లో వచ్చి ఆ ప్రోగ్రాముని ఆయన ఫోన్‌లోకి మార్చింది. నా బ్యాటరీ ఇప్పుడు నిలవదు. బీరువా మీద పాత తువ్వాలు కప్పుకుని ఉంటున్నాను. కిందనుంచి వంటింటి మాటలు వినిపిస్తాయి. మొన్న వంకాయ కూరలో అల్లం వెయ్యడం గురించి గొడవ. ఆయన "వద్దు, వద్దు, వద్దు" అని ఫోన్ నొక్కుతూనే ఉన్నారు.

"అబ్బబ్బ, మీ నోటికో దణ్ణం! కాసేపు మాట్లాడకుండా ఉండలేరూ?" అని విసుక్కున్నారావిడ.

అనేశాక గరిటె చప్పుడు ఆగిపోయింది.

కాసేపటికి, ఎంతో వినయంగా, ఆయన గొంతు వినిపించింది.

"సరే."

ఆవిడ నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది.